అనుమతి పొందిన తప్పు

నూకరాజు వెబ్‌సైట్లు తయారుచేసి బతికేవాడు. సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో, గోదావరి పాయ ఒడ్డున ఉన్న పట్నం వాళ్ళది. ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల మేత కంపెనీలు, రెండు కల్యాణ మండపాలు, ఒక కాజాల దుకాణం అతని చేత పని చేయించుకునేవి. పనికి లోటు లేదు గాని, ఆ పని గురించి మాట్లాడుకోవడానికి మనిషే దొరికేవాడు కాదు. రెండు రోజులు ముప్పుతిప్పలు పెట్టిన తప్పు దొరికిందని ఆనందంగా భార్యకి చెప్పబోతే, ఆవిడ సగం విని, "ఇంతకీ ఆ కామా పెట్టేశారా?" అని అడిగి, పోపు వేసుకోవడానికి లేచిపోయేది.

అందుకని ఆరేళ్ళ కిందట తనలాంటి వాళ్ళని గాలించి తనతో కలిపి పదకొండు మందిని పోగుచేసి 'వెబ్ మిత్రమండలి' పెట్టాడు. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఒక టిఫిన్ హోటల్ మేడ మీద కలిసేవారు. ఒకరు ఏదో నేర్చుకొచ్చి చెప్పేవారు. మిగతావాళ్ళు మధ్యలో అడ్డుపడేవారు. చివరికి చెప్పేవాడూ వినేవాళ్ళూ అనుకోని సంగతేదో అందరూ నేర్చుకుని, పెసరట్టు తిని ఇళ్ళకి పోయేవారు.

హోటలాయన ఆ మేడని పుట్టినరోజు పార్టీలకి ఇవ్వడం మొదలెట్టడంతో మండలి వీధిన పడింది. అప్పుడే నూకరాజు పౌరవాణి భవనం గుమ్మం తొక్కాడు.

పౌరవాణి భవనం ఊరి మధ్యలో ఉంది. ఊళ్ళో ఎవరు సభ పెట్టుకోవాలన్నా అదే దిక్కు. అంతకు రెండు నెలల ముందు అక్కడ ఒక అనర్థం జరిగింది. రిటైరైన ఇంజనీరు ఒకాయన 'ఉసిరికాయ ఉపయోగాలు' అన్న విషయం మీద మాట్లాడతానని హాలు తీసుకుని, ఉసిరికాయ ఊసెత్తకుండా రెండున్నర గంటలసేపు ప్రహరీగోడ తగాదాలో తన తోడల్లుడు చేసిన ద్రోహాల గురించి మాట్లాడాడు. తోడల్లుడు మొదటి వరసలోనే ఉన్నాడు. కుర్చీలు విరిగాయి. దాంతో భవన కార్యనిర్వహణాధికారి త్ర్యంబకరావు గారు పదిహేను రోజులు గది తలుపు వేసుకుని 'ప్రసంగ నియంత్రణ నియమావళి' రాశారు.

నూకరాజు దరఖాస్తు చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"తమరి సంస్థ యొక్క స్వరూప స్వభావములు ఏమి?" అని అడిగారు త్ర్యంబకరావు గారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా అలాగే అడుగుతారని ఊళ్ళో చెప్పుకునేవారు.

"వెబ్ ప్రోగ్రాములు రాసేవాళ్ళమండి. నెలకోసారి కలిసి మాట్లాడుకుంటామండి."

"మాట్లాడుకొనుట అనునది ఈ భవనమున లేదు. ప్రసంగించుట కలదు, ఆలకించుట కలదు. రెంటికినీ వేర్వేరు దరఖాస్తులు."

నూకరాజు రెండూ నింపాడు. నియమం అంటే ఏమంత బ్రహ్మవిద్య కాదు. ప్రసంగించే ప్రతి మాటా పదిహేను రోజుల ముందు మూడు ప్రతులలో దాఖలు చేయాలి. కార్యాలయం వాళ్ళు పేజీపేజీకీ ముద్ర కొట్టి ఆమోదిస్తారు. సభలో ఆ మాటలే పలకాలి. తేడా వస్తే పట్టుకోవడానికి ఒక పరిశీలకుడు కూర్చుంటాడు. తెర మీద చూపించే ప్రోగ్రాముకీ ఇదే నియమం. ఆమోదించిన ప్రతిలో ఎలా ఉందో తెర మీదా అలాగే ఉండాలి.

పరిశీలకుడి పేరు పరదేశి. అరవై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు కోర్టు నకళ్ళ విభాగంలో అసలుకీ నకలుకీ తేడా పట్టుకునే పని చేసి రిటైరై, కాంట్రాక్టు మీద ఈ కొలువులో చేరాడు. తన ముందున్న కాగితంలో ఏముందో ఆయన ఎన్నడూ అర్థం చేసుకోలేదు. అర్థం వెంట పోతే అక్షరం తప్పిపోతుందని ఆయన నమ్మకం.

మొదటి సభలో ఇమ్మానుయేలు మాట్లాడాడు. ఒక నర్సింగ్ హోముకి వెబ్‌సైటు చూసే మనిషి. ఫారంలో ఎవరైనా తప్పు ఫోన్ నెంబరు ఇస్తే పట్టుకోవడం ఎలాగో చెప్పాలి.

"అందరికీ నమస్కారం. ఉక్కగా ఉంది కదండీ," అని మొదలుపెట్టాడు.

చివరి కుర్చీలోంచి పరదేశి గారు లేచారు. ఒక చేతిలో చెక్క స్కేలు, ఇంకో చేతిలో ఎర్ర పెన్సిలు. "నమస్కారం ఉందండి. ఉక్క లేదండి."

ఇమ్మానుయేలు ఉక్కని వెనక్కి తీసుకున్నాడు. పావుగంట బాగానే నడిచింది. ఆ తరవాత అతను ఒక మీట నొక్కగానే తెర మీద ఎర్ర అక్షరాలు బారెడు పొడుగున దిగాయి. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి అది తుమ్ములాంటిది. ఇమ్మానుయేలు తల గోక్కుని, "ఏదో తేడా చేశాను, ఒక్క నిమిషం," అన్నాడు. మిగతా పదిమందీ అలవాటు కొద్దీ ముందుకు వంగారు.

"ఈ ఎర్ర అక్షరాలు నాలుగో పేజీలో లేవండి," అన్నారు పరదేశి గారు. కాగితం తిరగేసి చూశారు. "అయిదులోనూ లేవండి."

సభ ఆగిపోయింది. సోమవారం నూకరాజుకి మెమో వచ్చింది.

అతను సంజాయిషీ రాసుకుని వెళ్ళాడు. "అయ్యా, తప్పు రావడం ఈ పనిలో సహజమండి. మేము నేర్చుకునేదే దానివల్ల."

త్ర్యంబకరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "దోషము సంభవించుట మా దృష్టిలో నేరము కాదు. ఈ కార్యాలయము అంత కఠినము కాదు. కాని ఆ దోషమునకు తమరు అనుమతి పొందితిరా?"

"తప్పుకి అనుమతి అంటే, అది ఎప్పుడొస్తుందో మాకు తెలీదు కదండీ."

"తమ సభ్యులందరును విద్యావంతులే గదా. ఆలోచించినచో తెలియును."

ఆ నెల ఫారం నెంబరు ఏడు పుట్టింది. దాని పేరు 'సంభవించబోవు దోషముల ముందస్తు నివేదిక'. దోషము పేరు, అది సంభవించు నిమిషము, దాని రంగు, దానివల్ల సభికులకు కలుగు నష్టము, దోష నివారణకు పట్టు కాలము రాయాలి. వాటిని ఆమోదించడానికి ఒక ఉపసంఘం వేశారు. దాని వెనకాలే ఫారం నెంబరు ఎనిమిది వచ్చింది. సభికులు అడగబోయే ప్రశ్నలూ, వాటికి వక్త చెప్పబోయే జవాబులూ అందులో రాయాలి.

నూకరాజుకి చిరాకేసింది. కానీ ఊళ్ళో ఇంకో హాలు లేదు. పైగా మనిషికి ఫారం అలవాటైతే అది నింపడంలో ఒక రుచి పుడుతుంది. మొదటి నెల తిట్టుకుంటూ నింపాడు. రెండో నెల తిట్టుకోవడం మరిచిపోయాడు. మూడో నెల ఇమ్మానుయేలు, "రెండు తప్పులు చాలా అన్నా, మూడోది కూడా రాయమంటావా?" అని అడిగితే, "రెండు రాయి. మూడంటే ఉపసంఘం వెనక్కి పంపుతుంది," అని తనే చెప్పాడు. ఆ మాట అన్నాక కాసేపు అతనికి ఏదోలా అనిపించింది.

సభలు మాత్రం గడియారంలా నడిచాయి. పన్నెండో నిమిషంలో ఒకరు లేచి, "ఇది నాకు అర్థం కాలేదు," అని కాగితం చూసి చదివేవారు. వక్త కాగితం చూసి అర్థమయ్యేలా చెప్పేవాడు. ప్రశ్న అడగాల్సిన మనిషి రాకపోతే ఆ ప్రశ్న వృథా పోకూడదని పరదేశి గారే లేచి, "నాకు అర్థం కాలేదండి," అని చదివేవారు. ఆ ఒక్కటే మనస్ఫూర్తిగా వచ్చేది.

పెసరట్లకి వెళ్ళడం తగ్గింది. పదకొండు మంది ఏడుగురయ్యారు.

ఆ ఏడుగురిలో సుభాషిణి ఒకావిడ. అవతలి లంకలో ఉంటుంది, పట్నంలో ఒక కాన్వెంటులో లెక్కలు చెబుతుంది. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఎవరి సాయం లేకుండా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పేరుకి సుభాషిణి గాని, ఆరో తరగతి పిల్లలు తప్ప ఎదురుగా పెద్దవాళ్ళు ముగ్గురుంటే గొంతు పెగలదు. ఎవరేం అడుగుతారో, తెలియనిది అడిగితే ఏం చెప్పాలో అని భయం. రెండేళ్ళుగా నూకరాజు మాట్లాడమని బతిమాలుతుంటే తప్పించుకుంటూ వచ్చింది.

అటువంటిది ఆవిడే ఒకరోజు, "ఈసారి నేను చెబుతానండి నూకరాజు గారూ," అంది. "ఫారం ఎనిమిది ఉంది కదండీ. అందులో రాసినవి తప్ప ఇంకేం అడగరు కదా?"

నియమావళి వల్ల ఒక్క మనిషికైనా మేలు జరిగిందని నూకరాజు మొదటిసారి ఒప్పుకున్నాడు.

ఆవిడ చెప్పదలుచుకున్నది నిజంగా చెప్పదగినది. లంక నుంచి పట్నం రావాలంటే పంటు మీద ఏరు దాటాలి. పంటు వేళలు రోజుకో రకంగా ఉంటాయి. రేవులో సిగ్నల్ ఉండదు. ఆవిడ ఆ వేళలన్నీ చూపించే పేజీ ఒకటి తయారుచేసింది. ఇంటి దగ్గర ఒకసారి తెరిస్తే చాలు, తరవాత సిగ్నల్ లేకపోయినా ఫోనులో కనబడుతుంది. పంటు నడిపించే సూరిబాబుకి ఆ సంగతి చెబితే, "చూసి బాగుంటే రేవులో బోర్డు మీద రాయిస్తానమ్మా. లంకలో నాలుగు ఊళ్ళు వాడుకుంటాయి," అన్నాడు. సభకి వస్తానని మాట కూడా ఇచ్చాడు.

సుభాషిణి పద్ధతిగా అన్నీ రాసి ఇచ్చింది. ఫారం ఏడులో ఒకే ఒక్క తప్పు. పదిహేనో నిమిషంలో నెట్ తీసేసి పేజీ తెరుస్తుంది. 'నెట్ లేదు' అని ఎర్రగా వస్తుంది. అప్పుడు, పేజీని లోపల దాచుకోమని చెప్పే వాక్యం ప్రోగ్రాములో ఎక్కడ చేర్చాలో చూపించి, చేర్చి, మళ్ళీ తెరుస్తుంది. ఈసారి పంటు వేళలు కనబడతాయి. ఉపసంఘం ఆ తప్పుని ఏకగ్రీవంగా ఆమోదించింది.

మూడు నెలలుగా ఒక్క అతిక్రమణా లేని సంస్థ కాబట్టి ఆ రోజు సభని నమూనా సభగా ప్రకటించారు. త్ర్యంబకరావు గారు స్వయంగా వేదిక మీద కూర్చున్నారు. ఇదయ్యాక మండలికి ఏడాది పాటు హాలు రాసిస్తామని, తేడా వస్తే మాత్రం దరఖాస్తు ఇక తీసుకోబోమని ముందే సెలవిచ్చారు. సూరిబాబు ఉతికిన చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు.

సుభాషిణి చక్కగా మాట్లాడింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పరదేశి గారి స్కేలు పంక్తి తరవాత పంక్తి దిగుతూ వచ్చింది. పదిహేనో నిమిషంలో ఆవిడ నెట్ తీసేసి పేజీ తెరిచింది.

పంటు వేళలు నీటుగా కనబడ్డాయి.

సుభాషిణి మొహం పాలిపోయింది. ఆ వారమంతా ఎన్నిసార్లు సాధన చేసిందో, ల్యాప్‌టాప్‌కి ఆ పేజీ నోటికి వచ్చేసింది. ఇక నెట్ ఉంటేనేం, లేకపోతేనేం.

సూరిబాబు చప్పట్లు కొట్టబోయాడు. పరదేశి గారు లేచారు.

"అమ్మా, ఇక్కడ తప్పు జరగాలండి."

"జరగలేదండి," అంది సుభాషిణి సన్నగా.

త్ర్యంబకరావు గారు దస్త్రం తిరగేశారు. "ఆమోదిత దోషము సంభవించనిదే దోష నివారణము ప్రారంభింపరాదు. తొమ్మిదవ నియమము."

"పనిచేస్తంది కదండీ," అన్నాడు సూరిబాబు.

"అందులకే చెప్పుచున్నాను. పనిచేయుటకు ఇంకను ఆరు నిమిషముల వ్యవధి యున్నది."

ఇక ఆవిడ ల్యాప్‌టాప్ చేత పేజీని మరిపించాల్సి వచ్చింది. లోపల దాచుకున్నదంతా తుడిచేసింది. దాచుకోమనే వాక్యం ప్రోగ్రాములో మిగిలిపోయిందేమోనన్న అనుమానంతో అక్కడ కూడా చెయ్యి పెట్టింది. ఆ కంగారులో ఏం చెరిపిందో చూసుకోలేదు. మళ్ళీ తెరిచింది. ఈసారి వేళలూ లేవు, 'నెట్ లేదు' అన్న ఎర్ర మాటా లేదు. తెర అంతా తెల్లగా ఉంది.

అది అనుమతి లేని తప్పు.

సుభాషిణి ప్రోగ్రాము పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది. కళ్ళలో నీళ్ళు నిండితే అక్షరాలు ఎలా కనబడతాయి? ఇమ్మానుయేలు సగం లేచి, ఫారం ఎనిమిదిలో తన పేరు ఇరవయ్యో నిమిషం దగ్గరుందని గుర్తొచ్చి కూర్చున్నాడు. నూకరాజు నోరు తెరిచాడు. తను మాట్లాడితే అతిక్రమణ, హాలు పోతుంది, ఆవిడ పరువు పోతుంది. మాట్లాడకపోయినా అంతే. ఆరేళ్ళ కిందట ఎందుకు పెట్టాడో ఈ మండలిని, ఇప్పుడు పక్కనున్న మనిషి మునిగిపోతుంటే కాగితం చూసుకుంటున్నాడు. "సుభాషిణి గారూ, చివర్లో," అని లేచాడు. చివర్లో ఏమిటో అతనికీ కనబడలేదు.

పరదేశి గారు తెర దగ్గరికి నడిచి వచ్చారు. పంక్తి కింద చెక్క స్కేలు ఆనించి, చేతిలో కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూస్తూ దిగారు. పద్దెనిమిదో పంక్తి దగ్గర స్కేలు ఆగింది.

"ఈ పంక్తి చివర మూత బ్రాకెట్టు ప్రతిలో ఉందండి. తెర మీద లేదండి."

సుభాషిణి ఆ గుర్తు పెట్టింది. పేజీ తెరిచింది. తెర మీద ఎర్రగా, స్పష్టంగా 'నెట్ లేదు' అని వచ్చింది.

హాలంతా చప్పట్లతో మోగిపోయింది. ఒక తప్పుకి అంత గౌరవం జరగడం ఆ ఊళ్ళో అదే మొదలు. త్ర్యంబకరావు గారు కూడా తృప్తిగా తలాడించి, ఆ పంక్తి పక్కన టిక్కు పెట్టారు. మిగతాదంతా ప్రతిలో ఉన్నట్టే జరిగింది.

చివర్లో సూరిబాబు చెయ్యెత్తాడు. "అమ్మా, ఒకటడగొచ్చాండి?"

"ప్రశ్న దాఖలైనదా?" అన్నారు త్ర్యంబకరావు గారు.

"ఇప్పుడే వచ్చిందండి."

"పదిహేను దినముల తరువాత రావలెను."

సూరిబాబు సుభాషిణి వైపు చూసి, "రేవు దగ్గరికి రండమ్మా," అని వెళ్ళిపోయాడు.

సోమవారం మెమో వచ్చింది. అభ్యంతరం నమోదు కాలేదు కాబట్టి అది మండలికి కాదు. పరదేశి గారికి. నూకరాజు తనే వెంట వెళ్ళాడు.

"పరిశీలకుడు వ్యత్యాసమును అభ్యంతరముగా చెప్పవచ్చును," అన్నారు త్ర్యంబకరావు గారు. "సహాయముగా చెప్పరాదు."

"ఎప్పుడూ చెప్పే మాటేనండి, ఎప్పుడూ చెప్పే గొంతేనండి," అన్నారు పరదేశి గారు. "ఏదేంటో ఎలా తెలుస్తాదండి?"

"సభ ఆగినచో అభ్యంతరము. సాగినచో సహాయము."

పరదేశి గారు కాసేపు ఆలోచించారు. ముప్పై ఏళ్ళ పైబడిన నౌకరీలో ఆయన ఒక వాక్యం అర్థం కోసం ఆలోచించడం అదే మొదటిసారి. "ఆయ్, అయితే సహాయమేనండి," అన్నారు.

ఆయన మీద ఒక పరిశీలకుణ్ణి వేస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తర్వు అందిన రోజే ఆయన స్కేలు సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. నూకరాజు ఏడాది హాలు తాలూకు ఉత్తర్వుని మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు. మిగతా సంస్థలు కూడా ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆ ఏడాది చివర పౌరవాణి భవనానికి ఒక్క అతిక్రమణా లేని భవనమని పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. త్ర్యంబకరావు గారు దాన్ని పటం కట్టించి ఖాళీ హాల్లో తగిలించారు.

మండలి తరవాతి సభ మాత్రం మరుసటి నెలే రేవులో, పంటు టిక్కెట్లిచ్చే పాకలో జరిగింది. మధ్యలో మానేసినవాళ్ళలో ముగ్గురు వచ్చారు. పరదేశి గారూ వచ్చారు, ఉత్త చేతులతో. టిక్కెట్ల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి సుభాషిణి పేజీ చూపించింది. సూరిబాబు బల్ల అంచున కూర్చుని, పోయిన నెల అడగనివ్వని ప్రశ్న అడిగాడు.

"ఏరు పోటు మీదుంటే పంటు ఆపేస్తామండి. అప్పుడు మీ పేజీ ఏం చెబుతాదండి?"

సుభాషిణి కాగితం కోసం చూసుకోబోయి, లేదని గుర్తొచ్చి ఆగింది. పాకలో పదిమంది పైనే ఉన్నారు.

"తెలీదండి," అంది. "పంటు ఉందనే చెబుతుంది. నేనా సంగతి ఆలోచించనే లేదు."

అని పక్కున నవ్వింది. దాంతో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. ఇమ్మానుయేలు ఒకటంటే నూకరాజు అది కాదన్నాడు. వేళలతో పాటు అవి ఏ రోజువో కూడా రాయాలండి, పాత నకలు మీద తేదీ లేకపోతే మోసమండి, అన్నారు పరదేశి గారు. అందరూ ఆయన వైపు తిరిగారు. పోటు సంగతి ముందు రోజే తెలుస్తుందని, తను సిగ్నల్ కోసం ఇంటి మేడెక్కి ఫోను చేసి చెబుతానని సూరిబాబు అన్నాడు.

సుభాషిణి అక్కడే మొదలుపెట్టింది. మీట నొక్కగానే ఎర్ర అక్షరాలు బారెడు దిగాయి.

"ఎర్రగా వచ్చిందేంటండి?" అన్నాడు సూరిబాబు.

"తప్పు చేశానండి. ఉండండి," అంది తల ఎత్తకుండా.

ఇంతలో పంటు కూత వేసింది. అది ఆవిడ రోజూ ఇంటికి వెళ్ళే పంటు. సుభాషిణి లేవలేదు. తరవాతి దానికి వస్తానని ఇంట్లో చెప్పమని, ఎక్కబోతున్న పొరుగావిడని కేకేసి చెప్పి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.